లాప్‌టాపునకు పట్టిన చౌడు

టార్చిలైటులో సెల్లులు వేసి మరచిపోయి, ఏడాది తరువాత మూత విప్పి చూచినవారికి లోపల తెల్లని పొడి కనబడును. స్ప్రింగు పాడై యుండును. సెల్లు ఎంత లాగినను ఊడి రాదు. పనిచేయుచుండగా రాని చేటు ఊరక పడియుండగా వచ్చినది! ఈ చేటే నలుబది సంవత్సరముల నాటి లాప్‌టాప్ కంప్యూటరులను నేడు లోలోపల తినివేయుచున్నది. అట్టి పాత యంత్రములను సేకరించి, బాగుచేసి, మరల వాడుకొనుట సరదాగా పెట్టుకొన్నవారు అనేక దేశములలో కలరు. వారి పనిలో సగము విద్యుత్తునకు సంబంధించినది. తక్కిన సగము మన హైస్కూలు రసాయనశాస్త్రమే.

ఉదాహరణకు ఒక్క యంత్రమును తీసికొందము. 1983లో అమెరికాలోని రేడియోషాక్ దుకాణములలో టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనునది అమ్మకమునకు వచ్చెను. దానిని తయారుచేసినది జపాను దేశపు క్యోసెరా కంపెనీ. అందలి ప్రోగ్రాములలో చాల భాగమును మైక్రోసాఫ్ట్ స్థాపకులలో ఒకరైన బిల్ గేట్స్ స్వయముగా వ్రాసెను. అది పెద్ద నోటుపుస్తకమంత యుండును; బరువు రెండు కిలోలకు లోపు. తెరపై పంక్తికి 40 అక్షరముల చొప్పున 8 పంక్తులు మాత్రమే పట్టును. నాలుగు చిన్న సెల్లులు వేసిన ఇరువది గంటల వరకు పనిచేయును. నేటి లాప్‌టాపులలో ఎన్ని ఈ మాట చెప్పుకొనగలవు? పత్రికా విలేఖరులు దీనిని చంకన పెట్టుకొని పోయి, సభ జరిగినచోటనే వార్త వ్రాసి, టెలిఫోను తీగ ద్వారా కార్యాలయమునకు పంపెడివారు. సెకండునకు సుమారు 30 అక్షరములు పోవును. మూడువేల అక్షరముల వార్తకు 100 సెకండ్లు చాలును.

ఈ యంత్రములో డిస్కు లేదు. వ్రాసినదంతయు జ్ఞాపకపు చిప్పులలోనే నిలిచియుండును. ఆ చిప్పులకు విద్యుత్తు ఒక్క క్షణము ఆగినను వ్రాత చెరిగిపోవును. మీట ఆపినప్పుడును, సెల్లులు మార్చునప్పుడును విద్యుత్తు అందవలెను గదా! అందుకై సర్క్యూటు పలకపైననే ఒక చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీని టంకము వేసి అతికించిరి. ఒక్కొక్కటి 1.2 వోల్టుల సెల్లులు మూడు చేరి 3.6 వోల్టులు. పెద్ద సెల్లులనుండి అది తిరిగి శక్తిని నింపుకొనుచుండును. విలేఖరి వ్రాతను కాపాడినది ఈ బ్యాటరీయే; యంత్రమును చంపుచున్నదియు ఇదియే.

ఇది ఎట్లు జరుగును? ఈ బ్యాటరీలోని ద్రవము పొటాసియం హైడ్రాక్సైడు; గాఢమైన క్షారము. బ్యాటరీ ముసలిదైన కొలది దాని మూత బిగువు సడలును. క్షారము బయటికి వచ్చి లోహపు తీగల వెంట నెమ్మదిగా ప్రాకును. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి పొటాసియం కార్బొనేటుగా మారును. తెల్లని పొడి అదియే. పూర్వము బట్టలుతుకుటకు వాడిన చౌడుమన్నులోని సోడియం కార్బొనేటునకు ఇది దగ్గర చుట్టము. పొలమునకు చౌడు పట్టినట్లే పలకకును పట్టునన్నమాట. క్షారము పచ్చని పైపూత క్రిందికి దూరి, వెండ్రుకవంటి రాగి దారులను కొరికివేయును. నీలము, ఆకుపచ్చ కలిసిన మచ్చలు కనబడినచో రాగి పాడగుచున్నదని తెలిసికొనవలెను.

చికిత్సలో మొదటి పని బ్యాటరీని కత్తిరించి తీసివేయుట. తరువాత దూదికి వెనిగారు తడిపి, మచ్చలపై అద్దవలెను. వెనిగారులోని ఎసిటిక్ ఆమ్లము క్షారముతో కలిసి పొటాసియం ఎసిటేటు అను లవణమును, నీటిని ఇచ్చును. కార్బొనేటు ఉన్నచోట బుడగలు పొంగును. బుడగలు ఆగిన పిమ్మట స్వేదనజలముతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బాగుగా ఆరనీయవలెను. వెనిగారును కడుగక వదలినచో అదియును లోహమును తినును. దారి తెగినదో లేదో మల్టీమీటరుతో పరీక్షించి, తెగినచోట సన్నని తీగతో అతుకు వేయుదురు. కొత్త బ్యాటరీని పాతదానివలె పలకమీదనే కూర్చోబెట్టుటకంటె, తీగలు సాగదీసి దూరముగా అమర్చుటయే తెలివిగల పద్ధతి. మరల కారినను పలకకు హాని ఉండదు.

తెల్లపొడిని చూచినంతనే వెనిగారు సీసా అందుకొనరాదు. 1989 నాటి మాకింతోష్ పోర్టబుల్ అను యాపిల్ యంత్రములో ఉన్నది సీసపు బ్యాటరీ, దానిలోనిది గంధకికామ్లము. ఆమ్లముపై ఆమ్లము పోసిన ప్రయోజనమేమి? అచ్చట వంటసోడా నీరు కావలెను. పరీక్ష సులభము. పసుపునకు సున్నము తగిలిన ఎర్రబారునని పారాణి కలిపిన ప్రతి ఇంట తెలియును. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన కాగితమును కొద్దిగా తడిపి, పొడికి తాకించినచో, క్షారమైన ఎర్రబారును. ఎర్రబారనిచో నీలి లిట్మస్‌తో ఆమ్లమేమో చూడవలెను. ఈ పరీక్షను టార్చిలో కారిన సెల్లుతో తరగతిలోనే చూపవచ్చును. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ఉండి తీరవలెను. కాడ్మియము విషము, తీసిన బ్యాటరీని చెత్తలో వేయక, బ్యాటరీలను సేకరించు సంస్థకు అప్పగించవలెను.

ఇంకను రెండు జాగ్రత్తలు కలవు. పలకపైనున్న విద్యుద్విశ్లేష్య కెపాసిటరులు కూడ కాలక్రమమున కారును. వానిని మార్చవలసి యుండును. ఇక అడాప్టరు సంగతి. మోడల్ 100నకు 6 వోల్టులు కావలెను. కాని దాని పిన్నులో నడిమిది ఋణధ్రువము. నేటి అడాప్టరులు చాలవరకు నడుమ ధనధ్రువము గలవి. పట్టినది గదా అని పెట్టుట ప్రమాదము.

కొన్ని పాత లాప్‌టాపులను తెరువగానే పులుపు వాసన వచ్చును. తెరపైనున్న ధ్రువణపు పొర సెల్యులోజ్ ఎసిటేటుతో చేసినది. అది శిథిలమగుచు ఎసిటిక్ ఆమ్లమును విడుచును. పాత సినిమా ఫిలిముల చుట్టలు పాడగుటయు ఈ జబ్బు వలననే. పలకకు మందైన పదార్థము తెరలో రోగలక్షణమగుట చిత్రము. దీనికి కడుగుట చాలదు. పొరను ఒలిచి కొత్తది అంటించవలెను. తరువాతి కాలపు లాప్‌టాపులలో లిథియం బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని గ్రుచ్చరాదు, ఛార్జి చేయరాదు, నిప్పంటుకొనును. తెర వెనుక ట్యూబుదీపము గలవానిలో వందల వోల్టులు పుట్టును గనుక, పనిచేయుచుండగా లోపల వ్రేలు పెట్టరాదు.

బాగైన మోడల్ 100 ఊరక అలంకారమునకు కాదు. దాని 25 పిన్నుల సీరియల్ ద్వారమునకు తగిన తీగను, మార్పిడి పరికరమును తగిలించి నేటి కంప్యూటరునకు కలిపినచో, ఇందు వ్రాసినది అందులోనికి పోవును. అందుచేత నేటికిని దీనిపై వ్రాసికొనువారు కలరు. చేతికి వచ్చిన యంత్రము ఇంకను ప్రాణముతో ఉన్నచో, మరమ్మతునకు పూనుకొనక ముందే లోపలి వ్రాతలను ఇట్లు బయటికి తీసికొనవలెను. బ్యాటరీని కత్తిరించి, పెద్ద సెల్లులు కూడ తీసిన తరువాత అవి దొరకవు. దాచిపెట్టునప్పుడు పెద్ద సెల్లులను తప్పక తీసివేయవలెను. అడుగున జ్ఞాపకపు విద్యుత్తును ఆపు చిన్న మీట ఒకటి కలదు. దానిని కూడ ఆపి, కొన్ని నెలలకొకసారి మూత విప్పి, పొడి చేరినదేమో చూచుచుండవలెను.