మీకు తెలుసా? రాజకుమారి నోట తకధిమి

రాజకుమారి అనగానే విఠలాచార్య సినిమాలో మాంత్రికుడు ఎత్తుకుపోయే పిల్ల గుర్తొస్తే అది మన తప్పు కాదు. ఈ రాజకుమారి వేరు. మైకు పట్టుకుంటే మాంత్రికుడే సర్దుకుని పక్కకు జరగాలి. స్టేజీ మీద ‘రాజ కుమారి’గా పేరు తెచ్చుకున్న ఈ ర్యాపర్ అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. ఇంటిపేరు చూశారుగా, మనవాళ్లే. పుట్టింది మాత్రం 1986లో, కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో.

* * *

ర్యాప్ కన్నా ముందు ఆమె కాళ్లకు గజ్జెలొచ్చాయి. కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ, మూడూ చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవే. ఐదో తరగతిలో ఉండగా ఫ్యూజీస్ బృందం ఆల్బమ్ ‘ది స్కోర్’ చెవిన పడింది. 1996లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో పాటా ర్యాపూ రెండూ అందుకున్న ఆడగొంతు లారిన్ హిల్‌ది. అక్కడ పట్టుకున్న హిప్‌హాప్ పిచ్చి మళ్లీ వదల్లేదు. అలాగని గజ్జెలనూ వదిలేయలేదు. ఆమె బాణీ తెలియాలంటే ఈ రెండో మాటే ముఖ్యం.

* * *

ఇంగ్లీషు ర్యాప్ జోరు మీద సాగుతుండగా ఆమె ఉన్నట్టుండి జతి, అంటే నాట్యానికి పలికే తకధిమి లాంటి అక్షరాల వరస, అందుకుంటుంది. అమెరికా కుర్రాళ్లకు అది వింత. తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల పిల్లలకైతే పొద్దస్తమానం వినే నట్టువాంగమే.

కాస్త ఓపికుంటే మీరే చేసి చూడండి. తొడ మీద అరచేత్తో నిదానంగా నాలుగు దెబ్బలు వేయండి. ఒక్కో దెబ్బకు ఒక్కో ‘తకధిమి’. నాలుగు నాలుగులు పదహారు అక్షరాలు. ఇప్పుడు చెయ్యి వేగం మార్చకుండా, నోటి వేగమూ మార్చకుండా ‘తకిట’ అనడం మొదలెట్టండి. ఐదు తకిటలకు పదిహేను అక్షరాలయ్యాయి, ఒకటి మిగిలింది. అక్కడ ఒక్క ‘త’ పడేస్తే మళ్లీ మొదటి దెబ్బ మీదికొచ్చి కూర్చుంటారు. ఈ లోపల చెయ్యి ఒకచోట పడుతుంటే నోటి ఊనిక ఇంకోచోట పడుతూ, ఇక తప్పిపోయాడురా అనిపించి, చివరికి సరిగ్గా ఇంటికి చేరుతుంది. మృదంగం వాయించేవాళ్లకు ఇది రోజూ చేసే లెక్క. ర్యాపర్లు ‘ఫ్లో’ అని మురిసిపోయేదాంట్లో ఈ దోబూచులాటది పెద్ద వాటా. అంటే రాజ కుమారి రెండు విద్యలను కలిపి కుట్టిందనడం కన్నా, రెంటికీ లెక్క ఒకటేనని కాళ్లతో ముందే తెలుసుకుందనడం సబబు.

చిన్న కొరత ఒకటుంది. ఆమె ర్యాప్‌లో ఎక్కువ పాలు ఇంగ్లీషే. ఆ జతి పక్కన నాలుగు చిత్తూరు మాటలు పడితే ఎలా ఉంటుందో వినాలని నాకు భలే ఆశ.

* * *

ఆమె మొహం కన్నా ముందు కలానికి పేరొచ్చింది. ఫాల్ అవుట్ బాయ్ బృందం 2014లో పాడిన ‘సెంచరీస్’ రాసినవాళ్లలో ఆమె ఒకరు. ఆ పాటకు బీఎంఐ పాప్ అవార్డు అందుకుంది. ఇగ్గీ అజేలియా ఆల్బమ్ ‘ది న్యూ క్లాసిక్’ ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. అందులోనూ ఈమె రాత ఉంది. ఆ పాటలు మన ఆటోల్లోనూ మోగే ఉంటాయి. రాసినవాళ్లలో ఒక తెలుగుపిల్ల ఉందని ఎవరనుకుంటారు?

* * *

2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’ చేశాక ఇక్కడివాళ్లకు దగ్గరైంది. 2019లో ఎంటీవీ ‘హజిల్’ ర్యాప్ పోటీకి రఫ్తార్, న్యూక్లియాలతో పాటు జడ్జిగా కూర్చుంది. 2023లో అనిరుధ్ సంగీతంలో ‘జవాన్’ టైటిల్ పాటలో వినిపించిన ఆడగొంతు కూడా ఆమెదే.

* * *

‘గల్లీ బాయ్’ సినిమాలో ర్యాప్ పోటీలు చూసే ఉంటారు. రాజ కుమారి అందులోనూ కాసేపు కనిపిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళం తప్పకుండా ఒకరినొకరు కడిగేసుకోవడం, అయిపోయాక చేతులు కలుపుకోవడం. అమెరికా నుంచి దిగిన విద్య అనుకుంటాం గానీ, తిట్టుకు కూడా ఒక వేళ, ఒక వేషం ఉంటాయని మన తిరుపతికి కొత్తగా చెప్పాలా? తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వేషం కట్టినవాడు వీధిలో బూతులందుకుంటే మిగతా రోజుల్లో తన్నేవాళ్లు కూడా ఆ రోజు నవ్వుకుంటూ పోతారు. అది అమ్మవారి లెక్కలోకి పోతుంది. ర్యాప్‌లో ప్రాస లెక్కలోకి పోతుంది, అంతే తేడా.

* * *

హిప్‌హాప్ మగవాళ్ల ఆట అనేవాళ్ల కోసం ఒక ముక్క. ఆ సంగీతం పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్‌లో జరిగిన పార్టీ అది. రికార్డులు తిప్పి పేరు కొట్టేసింది డీజే కూల్ హెర్క్. పార్టీ పెట్టింది మాత్రం ఆయన చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బుల్లేక పెట్టింది. టికెట్టు ధర కూడా ఆ పిల్లే రాసింది: ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50.