పెద్దజాతి కుక్కకు కీళ్లజబ్బు: యజమాని చేయవలసిన నిర్ణయము

1806వ సంవత్సరమున దండుపట్టణముగా వెలసిన సికందరాబాదును మనవారు నేటికిని లష్కరనియే పిలుచుచున్నారు. ఆ చుట్టుప్రక్కల తోటలకును, కోళ్లదొడ్లకును కావలిగా అల్సేషియను, లాబ్రడారు మొదలగు పెద్దజాతి కుక్కలను పెంచు రైతులు కలరు. అట్టి కుక్క ఒకనాడు వెనుకకాళ్లపై లేవలేకపోయినచో ఏమి చేయవలెనను ప్రశ్న ఇంటిల్లిపాదిని కలచివేయును. సభ్యులు తొందరపడక విచారించి నిర్ణయించుకొనుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తొడయెముక తల తుంటిగుంటలో బిగువుగా నిమిడియుండవలెను. కొన్ని పెద్దజాతులలో వంశపారంపర్యముగా ఈ కీలు వదులై, మెత్తని మృదులాస్థి అరిగి, యెముక యెముకతో ఒరయును. పిల్లప్రాయమున అతిగా మేపి త్వరగా బరువెక్కించినచో ఈ దోషము ముదురును. కుక్క ఉదయమున లేచుటకు ప్రయాసపడుట, కుందేలువలె రెండు వెనుకకాళ్లను కలిపి గెంతుట దీని గుర్తులు. అయితే పిడుదులవలన వచ్చు జ్వరమునను, వెన్నెముక దెబ్బవలనను కుక్క కుంటవచ్చును. కావున ఎక్స్‌రే తీయించి, రోగమేదో తెలిసికొనుట మొదటిపని. రాజేంద్రనగరపు పశువైద్య కళాశాలలో ఆసుపత్రి కలదు.

చికిత్సలన్నింటిలో చౌకయైనది బరువు తగ్గించుట. 48 లాబ్రడారు కుక్కలను జీవితాంతము గమనించి 2002లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగవవంతు తక్కువ మేత తిన్నవి సుమారు రెండేండ్లు ఎక్కువ బ్రతికినవి; వాటికి కీళ్లజబ్బును ఆలస్యముగా కనబడినది. ప్రక్కటెముకలు చేతికి తగులునట్లు మేపవలెను. నున్నని షాబాదుబండలపై గోనెపట్టాలు పరచవలెను. ఒక్కసారి దూరము నడిపింపక, దినమునకు రెండు మూడు మారులు కొద్దికొద్దిగా నడిపింపవలెను.

మనుష్యుల నొప్పిమాత్రలను కుక్కకు ఎన్నడును వేయరాదు. వానివలన కడుపులో పుండ్లుపడి, మూత్రపిండములు చెడి, కుక్క చచ్చుటయు కలదు. వైద్యుడిచ్చిన మందు వాడునప్పుడు సహితము వాంతులైనను, నల్లని విరేచనమైనను వెంటనే ఆపి ఆయనకు తెలుపవలెను. శస్త్రచికిత్సయు కలదు, కాని తొడయెముక తలను తీసివేయుట చిన్నకుక్కలకువలె పెద్దవానికి అంతగా కుదరదు. కృత్రిమపు కీలు అమర్చుట మిక్కిలి ఖర్చుతో కూడినది. అప్పుచేయుటకు ముందు కుక్క వయస్సును, ఫలమును వైద్యునడిగి లెక్కచూచుకొనుట దోషము కాదు.

ఇన్ని చేసినను నొప్పి తగ్గనిచో పదునైదు దినములు పుస్తకమున గుర్తువేయుడు. తానై లేచినదా? తిన్నదా? ఉన్నచోటనే మలమూత్రములు విడిచినదా? యజమానిని చూచి తోక ఆడించినదా? చెడుదినములే ఎక్కువైనచో, వైద్యునిచేత మత్తుసూదితో బాధలేని మరణమిప్పించుట క్రౌర్యము కాదు. విషము పెట్టుటయు, తిండినీళ్లు లేక మాడునట్లు ఊరిబయట విడుచుటయు మాత్రము క్రౌర్యము. 1960 నాటి జంతుహింసా నివారణచట్టము ప్రకారము నేరము కూడ.

ఇకముందు కుక్కపిల్లను కొనువారు తల్లిదండ్రుల నడక చూచి కొనవలెను. కీళ్లదోషమున్న కుక్కను ఈనింపరాదు. స్వర్గద్వారమున సైతము ధర్మరాజు తనవెంట వచ్చిన కుక్కను విడువలేదని భారతము చెప్పుచున్నది. రాత్రులు మేలుకొని మన తోట కాచిన జీవమును కడవరకు గమనించుట మన విధి. ఏ నిర్ణయము చేసినను, దాని బాధను తగ్గించుటకే చేయవలెను గాని మన విసుగు తీర్చుకొనుటకు కాదు.