ప్రవాసాంధ్ర సమాజాలలో ఐక్యత, విశ్వాసం: రంగం మేస్త్రీ నుంచి ఆంధ్ర మహాసభ దాకా

ఒకే భాష మాట్లాడేవారు పరాయి దేశంలో సహజంగానే ఒకటవుతారనే అభిప్రాయం ప్రవాసాంధ్రులను గురించిన చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. గోదావరి ప్రాంతపు వలసల చరిత్ర ఈ అభిప్రాయాన్ని పూర్తిగా సమర్థించదు. భాష మనుషులను దగ్గర చేయగలదు. ఒకరి మాటను, లెక్కను మరొకరు నమ్మడానికి వేరే ఆధారం కావాలి. ఆ ఆధారం ఏమిటన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

1. రంగం వలస, మేస్త్రీ వ్యవస్థ

పెద్దాపురం పరిసర గ్రామాలకు కాకినాడ రేవు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ రేవులో స్టీమరెక్కి బర్మా వెళ్ళడాన్ని జనం ‘రంగం పోవడం’ అన్నారు. బర్మాలో తెలుగువారికి స్థిరపడిన పేరు ‘కోరంగీలు’. 1839 నాటి తుపానుకు దెబ్బతిని కోరంగి రేవు ప్రాభవం కోల్పోయినా, ఆ పేరు ఆవలి ఒడ్డున మనుషులకు మిగిలింది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించినవారు వీరే. అక్కడి తెలుగువారిలో అధికులు రేవులోను, బియ్యపు మిల్లుల్లోను పనిచేసే పురుషులు. మేస్త్రీ స్వగ్రామంలోనే బయానా ఇచ్చి, ఓడ ఖర్చు భరించి, ఆపైన కూలిలో మినహాయించుకొనేవాడు. యజమాని ఇచ్చిన సొమ్ము కాంట్రాక్టరు, పెద్ద మేస్త్రీ, ముఠా మేస్త్రీల చేతులు మారి కూలివానికి అందేది. ప్రతి చేతిలోను కొంత తరిగేది. అయినా కూలివాడు మేస్త్రీని నమ్మాడు. దీనిని అమాయకత్వమనడం తొందరపాటే అవుతుంది. పరాయి నగరంలో పని, బస, అప్పు మూడూ దొరికే చోటు మరొకటి లేదు. అయితే లెక్క ఒక్కరి చేతిలోనే ఉన్నందున ఆ విశ్వాసం ముఠాను దాటి విస్తరించడం కష్టమైంది.

1930 మే నెలలో కూలి పెంపు కోరుతూ రేవులోని తెలుగు కూలీలు సమ్మెకు దిగారు. ముఠాల హద్దులు చెరిగిన అరుదైన సందర్భమిది. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టారు. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులను పంపివేశారు. మే 26న మొదలైన ఘర్షణల్లో వందమందికి పైగా మరణించారు. సమ్మె తెలుగువారిని ఏకం చేసింది గాని, పక్కనే పనిచేయగల బర్మీయునితో వారికి మాట కలపలేదు. యజమానులు వాడుకున్నది ఆ ఎడాన్నే.

2. స్థిరనివాసం, సభల స్థాపన

నాతాల్, ఫిజీలకు ఒప్పంద కూలీలను పంపేటప్పుడు నిర్ణీత నిష్పత్తిలో స్త్రీలు ఉండాలనే నిబంధన ఉండేది. కుటుంబాలు ఏర్పడ్డాయి, వాటితో పెళ్ళిళ్ళు, పిల్లల చదువు, గుడి అవసరమయ్యాయి. ఇవి ఒక్క మేస్త్రీ తీర్చగల అవసరాలు కావు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడడానికి ఈ నేపథ్యం ఉంది.

ఫిజీ అనుభవం మరింత ఆలోచింపజేస్తుంది. దక్షిణ భారతీయులందరి కోసం 1926లో అక్కడ సన్మార్గ ఐక్య సంగం ఏర్పడింది. ఐక్యత పేరులోనే ఉంది. కాని కార్యకలాపాల్లో తమిళానికే ప్రాధాన్యం దక్కుతోందని భావించిన తెలుగువారు 1941లో ప్రత్యేకంగా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. దీనిని చీలికగా మాత్రమే చూడడం సరికాదు. తమ పిల్లలు ఏ భాషలో చదవాలో నిర్ణయించే చోట తమకు స్థానం లేదనిపించినప్పుడు సంఖ్యాబలం తక్కువున్నవారు ఎంతకాలం నమ్మకంతో కొనసాగగలరు?

3. నేటి గల్ఫ్ వలస

గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళే స్త్రీలలో చాలామంది ఇంటిపని చేస్తారు. వారి ప్రయాణాన్ని కుదిర్చే ఏజెంటులో పాత మేస్త్రీ లక్షణాలు కొన్ని గుర్తించవచ్చు. అయితే రంగంలో కూలీలకు ఒక ముఠా అయినా ఉండేది. వీరు యజమానుల ఇళ్ళలో ఒంటరిగా ఉంటారు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు కల్పించింది. ఆ సెలవు అమలైన చోటనే ఒక తెలుగు స్త్రీ మరొక తెలుగు స్త్రీని కలుసుకొని జీతం, పాస్‌పోర్టు, ఏజెంటు బాకీ గురించి మాట్లాడుకొనే వీలుంటుంది.