చిన్న వ్యాపారి తన పేరు తానే నిలుపుకొను విధము

సరకు మంచిదైనచో దానంతట అదే అమ్ముడుపోవునని మన పెద్దలలో ననేకులకు నమ్మకము. పువ్వు పుట్టగనే పరిమళించునను సామెతను ఇందుకు సాక్ష్యముగా చెప్పుదురు. పువ్వు విషయమున ఆ మాట నిజమే. కాని మూత బిగించిన డబ్బాలోని నూనె పరిమళము వీధి దాటి పోదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదనునదియు మన సామెతయే కదా! తన సరకెట్టిదో, దానిని తానెట్లు చేయుచున్నాడో, ఆ ధర కేల అమ్ముచున్నాడో పదిమందికిని తెలియజెప్పి, వారి విశ్వాసమును సంపాదించి నిలుపుకొనుటను ప్రజాసంబంధములందురు. పెద్ద కంపెనీలు ఇందుకై జీతములిచ్చి నిపుణులను పెట్టుకొనుచున్నవి. గ్రామములోని చిన్న వ్యాపారికి అట్టి స్తోమత లేదు. ఆ పని అతడు తానే చేసికొనవలెను. అది యెట్లో నాకు తోచినంతవఱకు మనవి చేసెదను.

ముందుగా ఒక భేదమును గమనింపుడు. ప్రకటన వేఱు, ప్రజాసంబంధము వేఱు. ప్రకటనకు డబ్బిచ్చి పత్రికలోనో గోడమీదనో స్థలము కొనవచ్చును. రెండవది డబ్బునకు దొరకదు. ఇతరులు తమంతట తాము మనలను గూర్చి మంచిమాట చెప్పునట్లు నడచుకొనుటయే దాని స్వరూపము.

ఈ మార్గమున మన తెలుగువారికి గొప్ప ఉదాహరణము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన ఆయన 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును ఆరంభించిరి. క్రొత్త మందునకు ఎవరు పేరడుగుదురు? పంతులుగారు సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. ఇందలి యుక్తిని విచారింపుడు. తలనొప్పి తగ్గునని నూఱుమాఱులు చెప్పుటకంటె, నొప్పిగా నున్న తలకు ఒకమాఱు రాచుకొననిచ్చుట మేలు. సభలో జనులు ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఒకరు రాచుకొన్న మందు ఘాటు పొరుగువారికిని తెలియును. గుణము కనబడినచో ఇంటికి పోయి మఱి నలుగురితో చెప్పుదురు. ఆ పిమ్మట ఆయన 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. మందువలన వచ్చిన ధనమును భాషకును దేశమునకును వినియోగించిరి. ఆ సేవ అమ్మకముకొఱకు చేసినది కాదు. అయినను మనుష్యునియందు గౌరవము కలిగినపుడు అతని సరకునందును నమ్మకము కలుగుట లోకసహజము.

అందఱును పంతులుగారంతటివారు కానేరరు. కాని వారి పద్ధతి చిన్నవారికిని ఉపయోగించును. ఎద్దు గానుగ పెట్టుకొన్న ఒక నూనె వ్యాపారిని తీసికొందము.

అతడు మొదట తన విషయమును తాను స్పష్టపఱచుకొనవలెను. "మా నూనె శ్రేష్ఠము" అనుట విషయము కాదు. అందఱును అట్లే అందురు. నువ్వులే యూర కొన్నాడు, ఏనాడు ఆడించినాడు, ఎన్ని దినములు తేఱనిచ్చినాడు, ఇవి విషయములు. గానుగనూనె ధర మిల్లునూనె కంటె ఏల హెచ్చని కొనువాడు తప్పక అడుగును. గానుగ నిదానముగా తిరుగును. నువ్వులలోని నూనెనంతయు అది తీయజాలదు. కొంత తెలికపిండిలోనే మిగిలిపోవును. కావున కిలో నూనెకు నువ్వులు ఎక్కువ పట్టును. ఈ లెక్కను పలకమీద వ్రాసి గుమ్మమునకు కట్టినవానియొద్ద బేరములు తక్కువగా జరుగుట నేను చూచితిని.

రెండవది, ఎవరికి చెప్పవలెననునది. ఊరంతకును కేక వేసి ప్రయోజనము లేదు. పెండ్లిండ్లకు వండు వంటవారు, పచ్చళ్లు పెట్టి అమ్ము స్త్రీలు, పసిబిడ్డలకు నూనె రాచి నీళ్లు పోయు పెద్దమ్మలు, బడి పంతుళ్లు, వీరి మాట పదియిండ్లలో చెల్లును. ఇక అదను చూచుకొనవలెను. వేసవి మొదట, ఆవకాయకు కాయ దిగకమునుపే, వీరికి తలకొక చిన్న సీసా నూనె నిచ్చి, వారము గడచిన పిమ్మట పోయి యెట్లున్నదని అడుగవలెను. జాడీలు నిండిన పిమ్మట ఇచ్చిన నూనె మఱుసటి యేటి మాట.

మూడవది పత్రిక. మా నూనె మంచిదనుట వార్త కాదు. నిలిచిపోయిన గానుగ ఊరిలో మరల తిరుగుట, దానివలన ముగ్గురికి పని దొరకుట వార్త. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఏల అనువానిని అరఠావు కాగితముమీద వ్రాసి, ఫోను సంఖ్యతోకూడ విలేఖరికి అందింపవలెను. పొగడ్త అక్కఱలేదు. డబ్బిచ్చి వార్త వేయించుకొనరాదు. అట్టిదానికి విలువ యుండదు.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. నూనె ముక్కవాసన వచ్చుచున్నదని ఒక ఇల్లాలు చెప్పిననాడు వ్యాపారి వాదమునకు దిగరాదు. తానే వారి యింటికి పోయి చూడవలెను. తప్పు తనదైనచో వేఱు నూనె యిచ్చి, ఆనాడు ఆడించిన తక్కిన నూనె కొన్నవారికిని తానే కబురు చేయవలెను. అందువలన నష్టము నాలుగు డబ్బాలు. దాచిన తప్పు రచ్చబండ కెక్కినచో దానిని దింపుట ఎవరితరమును కాదు. చేతిఫోనులున్న యీ దినములలో ఉదయము తీసిన ఫోటో సాయంకాలమునకు జిల్లా దాటుచున్నది. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇంత చెప్పుకొనుటకును ఒక హద్దు కలదు. ఈ నూనె సేవించిన మధుమేహము కుదురునని చెప్పరాదు. అట్టి రోగములను కుదుర్తుమను ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. తప్పుత్రోవ పట్టించు ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద పది లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. చట్టమటుండనిండు. నమ్మి మందు మానిన రోగి ప్రాణమునకు ఎవరు బాధ్యులు?

కడపట గ్రామపెద్దలకు ఒక మనవి. రంగురంగుల పట్నపు పొట్లములను గుఱించి చెప్పుటకు వేలమంది కలరు. మన యూరి గానుగవాని నూనెను గుఱించి చెప్పుటకు అతడును మీరును తప్ప వేఱొకరు లేరు. కొనువారు లేక గానుగ నిలిచినచో, ముందు ఎద్దును అమ్ముదురు. పిమ్మట కొడుకు పట్నము పోవును. మరల తిరుగుట అరుదు. కావున చూడక సిఫారసు చేయకుడు. చూచి, రుచి యెఱిగి, బాగున్నదని తోచిన పిమ్మట ఊరకుండకుడు. పదిమంది కూర్చున్నచోట ఆ మాట అనుడు.