కావలివారే హక్కుదారులు

ఆఫ్రికా ఖండమున నైరుతి దిక్కున నమీబియా యను దేశము కలదు. 1980వ దశకపు తొలి సంవత్సరములలో దాని వాయవ్య సీమయందు అనావృష్టియు, దొంగవేటయు ప్రబలి, ఏనుగులు, ఖడ్గమృగములు నశింపసాగెను. అపుడు గార్త్ ఓవెన్‌స్మిత్ అను వన్యప్రాణి సంరక్షకుడు గ్రామపెద్దలను ఆశ్రయించి, వారు ఎన్నుకొనిన వారినే మృగములకు కావలివారిగా ఏర్పాటు చేసెను. కావలివాడు ఊరివాడే యగుటచే దొంగల జాడ తెలిసికొనుట సులభమయ్యెను.

అయినను కావలి యొక్కటియే చాలదు. ఏనుగులు తోటలను ధ్వంసము చేసినను, సింహములు పశువులను చంపినను నష్టము గ్రామస్థులది. మృగముల మూలమున వచ్చు ఆదాయము మాత్రము వారిది కాదు. ఈ అన్యాయమును తొలగించుటకై 1996లో ప్రభుత్వము శాసనము చేసెను. ఎల్లలను నిర్ణయించుకొని, సభ్యుల పట్టిక వ్రాసికొని, కార్యవర్గమును ఎన్నుకొని, ఆదాయమును పంచుకొను పద్ధతిని తెలిపిన సంరక్షణ సంఘమునకు నియమిత వేట వలనను, యాత్రికుల వలనను వచ్చు రాబడి దక్కును. 1998లో నాలుగు సంఘములు వెలసెను; నేడు ఎనుబదికి పైగా కలవు. వానిలో తోర్రా సంఘమువారు యాత్రికుల వసతిగృహమును నడుపు కంపెనీతో ఒడంబడిక చేసికొని, రాబడిలో పాలును, యువజనులకు ఉద్యోగములను సంపాదించిరి.

2020లో కరోనా మహమ్మారి వలన యాత్రికులు రాకపోగా సంఘముల ఆదాయము సన్నగిల్లెను. ఒకే రాబడిని నమ్ముకొనుట క్షేమము కాదని అపుడు తెలిసెను. కష్టమును భరించువారికే హక్కును, ఫలమును దక్కినచో వన్యమృగములు గ్రామస్థులకు శత్రువులు గాక ఆస్తి యగును.