దయ్యాల పండక్కి తాతగారి ఫలహారాలు

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. చేత్తో లెడ్జర్లు రాసిన రోజుల నుంచి కంప్యూటర్ల దాకా అన్నీ చూశాను గాని, యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వంటింట్లో గరిటె పట్టిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి ఫలహారాల గురించి రాస్తున్నానంటే మా బరంపురం మిత్రులు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదివితే చాలు.

2024 అక్టోబరులో సెలవు పెట్టి, మా ఆవిడతో కలిసి అమెరికా వెళ్ళాను. మా అమ్మాయీ అల్లుడుగారూ న్యూజెర్సీలో ఉంటారు. మనవడికి ఏడేళ్ళు. మేము దిగేసరికి వీధి వీధంతా గుమ్మాల ముందు గుమ్మడికాయలు, చెట్లకి సాలెగూళ్ళు, పచ్చికలో అస్థిపంజరాలు! మా ఆవిడ కారులోంచే "ఇదేం అశుభమే తల్లీ" అంది. "హాలోవీన్ అమ్మా, దయ్యాల పండగ" అని నవ్వింది అమ్మాయి.

ఏటా అక్టోబరు 31న జరిగే పండగ ఇది. ఎప్పుడో ఐర్లండు ప్రాంతంలో కెల్టు జాతివారు కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే రాత్రి, చనిపోయినవాళ్ళ ఆత్మలు తిరుగుతాయని నమ్మి జరుపుకున్న పండగ నుంచి వచ్చిందంటారు. తర్వాత క్రైస్తవుల సకల పునీతుల దినం నవంబరు 1న రావడంతో, దాని ముందు సాయంత్రం ఇది స్థిరపడింది. ఐర్లండులో టర్నిప్ దుంపలు తొలిచి లోపల దీపం పెట్టేవారు. వలస వెళ్ళిన ఐరిష్‌వాళ్ళకి అమెరికాలో పెద్ద పెద్ద గుమ్మడికాయలు దొరికాయి. తొలవడం సులువు గదా! మన కొత్త ఇళ్ళకి ముఖం గీసి వేలాడదీసే దిష్టి గుమ్మడికాయ చేసే పనీ ఇంచుమించు ఇదే అని చెబితే మనవడు నమ్మలేదు. ఫోనులో మా వీధి ఫొటో చూపించాక గాని ఒప్పుకోలేదు.

వేషాల సంగతి నాకు వింతగా అనిపించలేదు. మా బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. తెలుగు చేనేతవారైన డేరా వారి ఇంటికి అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు వస్తుంది. మొక్కుకున్నవాళ్ళు కృష్ణుడిగానో, శివుడిగానో, పులిగానో వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. ఆరేళ్ళప్పుడు నేనూ పులివేషం కట్టాను. ఒంటినిండా పసుపు రంగూ నల్ల చారలూను. కడిగినా వారం దాకా పోలేదు. ఈ కథ చెప్పాక ఆ పండక్కి నేనూ పనికొచ్చే మనిషినేనని మనవడికి నమ్మకం కుదిరింది.

అసలు విషయానికొస్తాను. ఆ రోజు పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి సంచి చాపుతారు. ప్రతి ఇంట్లోనూ చాక్లెట్లూ మిఠాయిలూ వేస్తారు. అమెరికా హృద్రోగ సంఘం లెక్క ప్రకారం రెండేళ్ళు దాటిన పిల్లలకు రోజుకి కలిపిన చక్కెర 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకూడదు. ఆ సంచీని బేలెన్సు షీటులా చూస్తే నెల్లాళ్ళకి సరిపడే కోటా ఒక్క సాయంత్రంలో జమ అవుతుంది.

మా మనవడికి చక్కెర కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. వాడికి వేరుశనగ పడదు. అక్కడ దొరికే చాక్లెట్లలో వేరుశనగ తగలనివి ఏరడమంటే రాళ్ళబియ్యం ఏరడమే. పైగా పెద్ద బిళ్ళలో లేని సరుకు అదే పేరుతో వచ్చే చిన్న బిళ్ళలో ఉండొచ్చట. 2023లో వాడు సంచీ నింపుకుని వస్తే, వాళ్ళమ్మ భోజనాల బల్ల మీద గుమ్మరించి ఒక్కొక్క పొట్లం చదువుతూ ముప్పాతిక భాగం పక్కకి తీసేసిందట. వాడు ఏడవలేదట. "నాకు అలవాటేలే" అన్నాడట. అది విన్నప్పుడు వాడు ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. 2023 సంక్రాంతికి వాళ్ళు బరంపురం వచ్చారు. అప్పుడు వాడికి అయిదేళ్ళు. "నాన్నగారూ, వేరుశనగ పలుకు కూడా వాడి నోట్లో పడకూడదు" అని అమ్మాయి వచ్చిన రోజే చెప్పింది. నేను తలూపాను గాని లోపల నమ్మలేదు. మన వంశంలో ఎవరికీ లేని రోగం వీడికెక్కడిది, కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పోతుందని నా జ్ఞానం. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా వేరుశనగ ఉండలో గోరంత ముక్క తుంచి పెట్టాను. పది నిమిషాల్లో పెదవులు వాచాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ఊపిరి ఈలలా వినిపించింది. అమ్మాయి సంచిలోంచి సూదిమందు తీసి వాడి తొడకి పొడిచి, ఆస్పత్రికి పరుగెత్తించింది. రాత్రంతా అక్కడే ఉంచి చూశారు. వాడు బతికి బయటపడ్డాడు. అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

పసిపిల్లలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ రుచి చూపిస్తే ఈ జబ్బు వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 2015లో లండన్ పరిశోధకులు తేల్చారని తర్వాత చదివాను. అది జబ్బు రాకముందు, డాక్టరు సలహాతో చేసే పని. వచ్చాక తాతలు చాటుగా చేసే వైద్యం కాదు.

అప్పటి నుంచీ మనవడు నా చేతిలోంచి ఏదీ తినలేదు. అరటిపండు ఇచ్చినా ముందు వాళ్ళమ్మ ముఖం చూసేవాడు. ఆమె తలూపితే అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు.

2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజున పడ్డాయి. అక్టోబరు 31, గురువారం. సాయంత్రం ఇంటికి వాడి స్నేహితులు అయిదారుగురు వస్తారు, వాడు కూడా అన్నీ తినేలా ఇంట్లోనే ఏవైనా చేద్దామంది అమ్మాయి. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. "నేను చేస్తాను" అన్నాను. ఇంట్లో ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

వాళ్ళింట్లో ఎయిర్ ఫ్రయర్ ఉంది. తెలియనివారికి చెబుతాను. పేరులో వేపుడున్నా అందులో వేపేదేమీ లేదు. పైన వేడి తీగ, దానికో పంకా, కింద చిల్లుల బుట్ట. వేడిగాలి సుడి తిరుగుతూ పదార్థం పైతడిని ఆర్పి కరకరలాడిస్తుంది. చిన్న సైజు ఓవెన్ అనుకోండి. మూకుడు నిండా నూనె కాగబెట్టే చోట ఒక చెంచా చాలు. అయిదు గ్రాముల నూనెకి 45 కేలరీలు, అదీ పదిమందికి పంచితే ఎంతో మీరే లెక్కేసుకోండి.

ముందుగా గబ్బిలాలు. గోధుమపిండి చపాతీలు పల్చగా వత్తి, కత్తెరతో గబ్బిలాల ఆకారంలో కత్తిరించాను. నూనె రాసి, ఉప్పూ జీలకర్రపొడీ చల్లి, 350 డిగ్రీల ఫారెన్‌హీటులో పెట్టాను. మన లెక్కలో సుమారు 177 సెల్సియస్. నిమిషం తిరక్కుండానే లోపల టపటపా చప్పుడు. పంకా గాలికి గబ్బిలాలు నిజంగానే ఎగిరి పై తీగకి కొట్టుకుంటున్నాయి! రెండు మాడి బొగ్గయ్యాయి. మనవడు పడీ పడీ నవ్వాడు. తర్వాత వాటి మీద చిన్న ఇనుప జాలీ బోర్లించి నాలుగు నిమిషాలుంచితే కుదిరాయి. తేలికైన వస్తువు ఏది పెట్టినా ఈ జాలీ మరిచిపోకండి.

చిలగడదుంపతో గుమ్మడి ముఖాలు. పావంగుళం మందాన బిళ్ళలు కోసి, చాకుమొనతో కళ్ళూ నోరూ తొలిచి, నూనె రాసి 380 డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు. సగంలో తిరగెయ్యాలి. బుట్టలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఉడుకుతాయే గాని వేగవు. ఆత్రపడి నేను పేర్చాను, మళ్ళీ చేశాను. రంగు బంగారంలా ఉన్నప్పుడే తియ్యాలి. దుంప సహజంగానే తీపి గనక చక్కెర పనే లేదు.

అందరూ మెచ్చుకున్నవి మంత్రగత్తె వేళ్ళు. అక్కడివాళ్ళు వీటిని బిస్కెట్టు పిండితో చేసి, గోరు బదులు బాదంపప్పు గుచ్చుతారట. మా ఇంట్లో పప్పుల మాటే లేదు. దీపం కోసం తొలిచిన గుమ్మడికాయ గింజల్ని కడిగి, ఆరబెట్టి దాచమన్నాను. నాలుగు ఉడికించిన బంగాళాదుంపలు, అరకప్పు వరిపిండి, ఉప్పు, కొత్తిమీర, చిటికెడు పసుపు కలిపి ముద్ద చేసి, వేళ్ళలా పాముకోవాలి. చాకు వీపుతో కణుపుల గీతలు పెట్టి, కొసన గింజ గుచ్చి, నూనె రాసి 390 డిగ్రీల్లో పద్నాలుగు నిమిషాలు. మధ్యలో ఒకసారి జాగ్రత్తగా తిప్పాలి, లేకపోతే వేలు విరుగుతుంది. నంజుకోవడానికి రక్తం కావాలి గదా! మా ఆవిడ కుర్చీలో కూర్చునే టమాటా పచ్చడి చెప్పి చేయించింది. కారం తక్కువ, నువ్వులు లేవు. 2023 నుంచి అమెరికా చట్టం నువ్వుల్ని కూడా పొట్లాల మీద తప్పనిసరిగా చెప్పవలసిన తొమ్మిది పదార్థాల్లో చేర్చింది. వచ్చే పిల్లల్లో ఎవరికి ఏది పడదో అమ్మాయి తల్లులకు ఫోన్లు చేసి ముందే కనుక్కుంది. మిగిలిన గింజలు పెద్దలకి వేయించాం. నాలుగేళ్ళలోపు చిన్నది ఒకతె వస్తోంది, గొంతులో అడ్డుపడతాయని ఆమె కంచంలో వేళ్ళకి గోళ్ళు పీకేశాను.

కడిగిన చోటే మళ్ళీ కడిగాను. పోపుల డబ్బా ముట్టుకోలేదు, మిక్సీ కొత్త జారులోనే పచ్చడి రుబ్బాం. వేరుశనగ పొడి చేసిన జారు ఎంత తోమినా నమ్మకూడదని ఇప్పుడు నాకు తెలుసు.

ఒక పని నా బుర్రకే తట్టింది. ప్రతి కంచం ముందూ ఒక చీటీ పెట్టాను. లెడ్జరు రాసిన చేత్తో, గుండ్రటి అక్షరాల్లో, అందులో ఏమేమున్నాయో పూర్తిగా, తెలుగులో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి. కింద తేదీ, నా సంతకం. బ్యాంకు వోచరు లాగే.

ఆరు గంటలకి చీకటి పడింది. గుమ్మం ముందు ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క నవ్వుతున్న గుమ్మడికాయ, దాని పక్కన నెమలికంఠం రంగు వేసిన ఇంకో గుమ్మడికాయ. ఆ రంగు కాయ ఉంటే ఈ ఇంట్లో తినుబండారాలు కాక పెన్సిళ్ళో, బొమ్మల స్టిక్కర్లో కూడా ఇస్తారని గుర్తు. ఆహారం పడని పిల్లల కోసం పనిచేసే సంస్థ ఒకటి 2014 నుంచి దీన్ని దేశమంతా ప్రచారం చేసింది. మా వీధిలో అలాంటివి మూడు కనిపించాయి. మనవడు పులివేషంతో ఆ మూడిళ్ళకీ ముందు పరుగెత్తాడు. చారలు నేనే దిద్దాను.

తిరిగొచ్చాక పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. ఒకడు వేలు కొరికి కెవ్వుమని అరిస్తే మిగతావాళ్ళూ అరిచారు. మనవడు మాత్రం చీటీ తీసి చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వైపు కాదు, తెలుగు వైపు. "బం-గా-ళా-దుం-ప" అని కూడబలుక్కుంటూ సంతకం దాకా వచ్చాడు. "తాతా, ఇది నువ్వేనా?" అన్నాడు. "నేనేరా" అన్నాను.

వాడు చీటీ కింద పెట్టి, వాళ్ళమ్మ వైపు చూడకుండా, ఒక వేలు తీసి గోరుతో సహా నోట్లో పెట్టుకున్నాడు.

అమ్మాయి అది చూసింది. ఏమీ అనకుండా ఎయిర్ ఫ్రయర్ బుట్ట పట్టుకుని కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటికే నేను ఆ బుట్టని రెండుసార్లు కడిగి ఉన్నాను.