క్రిస్మస్ కానుక - పరమార్థం

డిసెంబరు మాసం ప్రవేశించగానే మన దేశంలోని క్రైస్తవ గృహాల ముంగిళ్లలో కాగితపు నక్షత్ర దీపాలు వెలుగుతాయి. చర్చీలలో గాయక బృందాలు పాటలు సాధన చేస్తాయి. అదే సమయంలో బజారు కూడా తన పండుగకు సిద్ధమవుతుంది. మంచు అంటే ఎరుగని ఊళ్లలో సైతం దుకాణాల అద్దాల వెనుక దూది మంచు కురుస్తుంది. ఎర్ర అంగీ తొడిగిన తెల్లగడ్డపు తాత వాకిట నిలబడి లోపలికి రమ్మని పిలుస్తాడు. తగ్గింపు ధరల ప్రకటనలు పత్రికల పుటలనూ, చేతిలోని ఫోన్ల తెరలనూ నింపివేస్తాయి.

కొత్త బట్టలు, పిండివంటలు, కానుకలు ఏ పండుగకైనా అందమే. వాటిని తప్పుపట్టవలసిన పని లేదు. నక్షత్రాలు కట్టేవారికి, బట్టలు కుట్టే దర్జీలకు, బేకరీ పనివారికి ఈ నెల నాలుగు రాళ్లు సంపాదించి పెడుతుంది కూడా. అయితే కొనుగోలే పండుగకు కొలమానమైనప్పుడు ఒక చిక్కు ఏర్పడుతుంది. కొనలేని ఇంట ఆ దినం ఉత్సవంగా కాక అవమానంగా పరిణమిస్తుంది. ఆ వారం కూలి దొరకని తండ్రి పిల్లల ముఖం చూడడానికి వెనుకాడుతాడు. ఏ శిశువు జన్మను స్మరించడానికి ఈ పర్వం ఏర్పడినదో, ఆ శిశువు అటువంటి తల్లిదండ్రులకే జన్మించినాడని గుర్తుచేసుకుంటే ఈ వైపరీత్యం ఎంతటిదో బోధపడుతుంది.

సువార్తలు చెప్పే కథ

యేసు జీవితాన్ని వివరించే నాలుగు సువార్తలలో ఆయన జనన వృత్తాంతం రెండింటిలోనే ఉన్నది. లూకా రచన ప్రకారం, ఔగుస్తు చక్రవర్తి జనసంఖ్య నమోదుకై ఆజ్ఞ జారీ చేయగా, యోసేపు నిండు గర్భిణి అయిన మరియతో కలిసి నజరేతు నుండి బెత్లెహేముకు ప్రయాణమైనాడు. అక్కడి సత్రంలో వారికి చోటు దొరకలేదు. మరియ తన తొలిచూలు బిడ్డను ప్రసవించి, పొత్తిగుడ్డలలో చుట్టి, పశువులకు మేత వేసే తొట్టిలో పరుండబెట్టినది. ఈ వార్త మొదట అందినది రాజులకు కాదు, పండితులకు కాదు. రాత్రివేళ పొలాలలో మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులకు.

లూకా మరొక చిన్న వివరం ఇస్తాడు. దానిని చాలామంది గమనించరు. యూదుల ధర్మశాస్త్రాన్ని అనుసరించి, ప్రసవానంతరం తల్లి దేవాలయంలో గొర్రెపిల్లను బలిగా సమర్పించాలి. అంత స్తోమత లేనివారు రెండు గువ్వలనో, రెండు పావురపు పిల్లలనో సమర్పించవచ్చునని ఆ శాస్త్రమే ఒక వెసులుబాటు కల్పించినది. మరియ, యోసేపుల విషయంలో లూకా పేర్కొన్నది ఈ పక్షులనే. ఆ కుటుంబం ఆర్థికస్థితి ఎటువంటిదో ఈ ఒక్క మాట చెప్పుతున్నది.

మత్తయి రచనలో నక్షత్రాన్ని చూసి తూర్పు దేశాల నుండి వచ్చిన జ్ఞానులు కనిపిస్తారు. వారు ముగ్గురని మూలంలో లేదు. వారు తెచ్చిన కానుకలు మూడు - బంగారం, సాంబ్రాణి, బోళం. కానుకలు అందిన వెనువెంటనే కథ మలుపు తిరుగుతుంది. తన సింహాసనానికి ముప్పు వస్తుందని భయపడిన హేరోదు రాజు పసిపిల్లలను చంపించ నిశ్చయిస్తాడు. తల్లిదండ్రులు రాత్రికి రాత్రి బిడ్డను తీసుకొని ఐగుప్తుకు పారిపోతారు. చోటు లేని ఊరిలో పుట్టిన శిశువు, ఊరే లేని శరణార్థి అవుతాడు. క్రిస్మస్ పాటలలోని ప్రశాంతత వెనుక ఈ కఠిన వాస్తవం ఉన్నది.

తేదీ, పేరు

యేసు ఏ మాసంలో, ఏ దినాన జన్మించినాడో సువార్తలు చెప్పవు. రోము నగరంలో క్రీ.శ. 336లో డిసెంబరు 25న ఈ పండుగ జరుపుకున్నట్లు తెలిపే ఆధారమే నేడు లభ్యమవుతున్నవాటిలో ప్రాచీనమైనది. ఆర్మేనియా సంఘం జనవరి 6న, జూలియన్ పంచాంగాన్ని అనుసరించే రష్యా సంఘం జనవరి 7న ఈ పర్వాన్ని జరుపుతాయి. ‘క్రిస్మస్’ అనగా క్రీస్తు పేరిట జరిగే ఆరాధన. హిందీ, ఉర్దూ ప్రాంతాలలో దీనిని ‘బడా దిన్’ అనీ, ఇటు బెంగాల్‌లోనూ, అటు బంగ్లాదేశ్‌లోనూ ‘బొడో దిన్’ అనీ పిలుస్తారు. రెండింటికీ పెద్ద దినం అనియే అర్థం. ఆ పెద్దరికం దేనివల్ల కలిగినదన్నదే ఆలోచించవలసిన విషయం.

కానుకల తాత

ఎర్ర అంగీ తాత వెనుక ఒక నిజమైన మనిషి ఉన్నాడు. ఆయన పేరు నికొలస్. నేటి టర్కీ దేశపు దక్షిణ తీరాన ఉన్న మైరా పట్టణంలో నాలుగవ శతాబ్దంలో బిషప్‌గా ఉండెను. ఆయనను గురించి అనేక గాథలు వ్యాప్తిలో ఉన్నాయి. అన్నిటిలో ప్రసిద్ధమైనది మన దేశంలోని తల్లిదండ్రులకు వెంటనే మనసుకెక్కేది. ఒక ఊరిలో ఒక పేద తండ్రికి ముగ్గురు కుమార్తెలు. కట్నం ఇచ్చుకోలేక వారికి పెండ్లి చేయలేకపోయినాడు. వారి బ్రతుకులు వీధిన పడే స్థితి వచ్చినది. నికొలస్ ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క బంగారు నాణేల సంచిని ఆ ఇంటి కిటికీలోనుండి లోపలికి విసిరి, ఎవరికంటా పడకుండా వెళ్లిపోయెనట.

ఈ గాథలో మూడు లక్షణాలు గమనింపదగినవి. కానుక అవసరం ఉన్నవారికి చేరినది. ఇచ్చినవాని పేరు తెలియలేదు. పుచ్చుకున్నవారు తిరిగి ఇవ్వవలసిన పని కలుగలేదు. పుచ్చుకున్న ఇంటి మర్యాదకు లోటు రాకుండా కాపాడినది ఆ చీకటియే.

నికొలస్ పేరు డచ్చివారి నోట ‘సింటర్‌క్లాస్’ అయినది. వారితోపాటు అమెరికా చేరి, అక్కడ ‘శాంటాక్లాస్’గా మారినది. 1823లో న్యూయార్క్ రాష్ట్రపు పత్రిక ఒకటి ప్రచురించిన ఒక బాలగేయం ఆయనకు జింకలు లాగే బండిని, నవ్వు ముఖాన్ని స్థిరపరచినది. 1863 నుండి థామస్ నాస్ట్ అను చిత్రకారుడు వేసిన బొమ్మలు ఆయన రూపాన్ని తీర్చిదిద్దినవి. 1931 నుండి ఒక శీతల పానీయపు ప్రకటనలు ఆ రూపాన్ని ప్రపంచమంతటా పరిచితం చేసినవి. రాత్రి చీకటిలో పేరు దాచుకున్న బిషప్, పట్టపగలు దుకాణం వాకిట నిలబడిన విక్రయ ప్రతినిధిగా మారడానికి పట్టిన కాలం సుమారు పదహారు శతాబ్దాలు.

ఈ మార్పులో అధికభాగం పందొమ్మిదవ శతాబ్దంలోనే జరిగినది. యంత్రాలు సరకులను విరివిగా ఉత్పత్తి చేయసాగినవి. నగరాలలో పెద్ద పెద్ద దుకాణాలు వెలసినవి. పోస్టు చవుక అయినది. లండన్‌లో 1843లో తొలిసారిగా క్రిస్మస్ కార్డులు అచ్చయి అమ్మకానికి వచ్చినవి. విచిత్రమేమనగా, అదే సంవత్సరం డిసెంబరులో, అదే నగరంలో, చార్లెస్ డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కెరోల్’ అను చిన్న నవల వెలువరించినాడు. డబ్బే లోకంగా బ్రతికిన ఒక లోభి, తన గుమాస్తా ఇంటి పేదరికాన్నీ, అతని రోగిష్ఠి బిడ్డనూ చూసి మనిషిగా మారడమే ఆ కథ. బజారూ, దానికి సమాధానమూ ఒకే ఏడు, ఒకే ఊరిలో పుట్టినవన్నమాట.

ఇచ్చిపుచ్చుకోవడం వేరు, ఇవ్వడం వేరు

బజారు ప్రోత్సహించే కానుకకూ, నికొలస్ కానుకకూ భేదం ఎక్కడ ఉన్నది? మొదటిది ఇచ్చిపుచ్చుకోవడం. సమానుల మధ్య సాగే మర్యాద. నేడు ఇంత విలువ చేసే వస్తువు ఇచ్చినవానికి రేపు అంత విలువకు తగ్గని వస్తువు ఇవ్వాలి. దీనిలో స్నేహం ఉండవచ్చును; కాని లెక్క కూడా ఉన్నది. రెండవదానిలో లెక్క లేదు.

ఈ భేదాన్ని యేసు స్వయంగా స్పష్టం చేసినట్లు లూకా సువార్త పదునాల్గవ అధ్యాయం తెలుపుతున్నది. విందు చేసేటప్పుడు స్నేహితులను, బంధువులను, ధనవంతులైన ఇరుగుపొరుగులను పిలువవద్దనీ, వారు తిరిగి పిలిచి ఆ ఋణం తీర్చివేస్తారనీ, బీదలను, అంగహీనులను, గ్రుడ్డివారిని పిలువవలెననీ, బదులు తీర్చలేని వారికి పెట్టినప్పుడే పెట్టినవాడు ధన్యుడనీ ఆయన బోధ.

భగవద్గీత పదునేడవ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విభజించినది. ప్రత్యుపకారం చేయలేనివానికి, ఇవ్వడం కర్తవ్యమన్న భావంతో, దేశకాల పాత్రతలను ఎరిగి ఇచ్చేది సాత్త్విక దానం. బదులు ఆశించి ఇచ్చేది రాజసం. వేర్వేరు దేశాలలో, వేర్వేరు భాషలలో పలికిన ఈ రెండు బోధలూ కానుకకు ఒకే పరీక్ష పెట్టుతున్నవి: తిరిగి ఇవ్వలేనివానికి ఇచ్చినావా?

ఇటలీలోని గ్రేచియో గ్రామంలో 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ ఎండుగడ్డి పరచిన తొట్టిని, ఎద్దును, గాడిదను ఉంచి క్రీస్తు జనన దృశ్యాన్ని ప్రజల కనులకు కట్టించినాడు. క్రిస్మస్ నాడు ధనికులు బీదలకు కడుపునిండా పెట్టాలనీ, పశువులకు సైతం మామూలుకన్న ఎక్కువ మేత వేయాలనీ ఆయన కోరినట్లు ఆయన చరిత్రకారులు వ్రాసినారు. కనుమనాడు పశువులను కడిగి, అలంకరించి, పూజించే తెలుగు రైతుకు ఈ కోరిక వింతగా తోచదు.

భారతభూమిపై క్రిస్మస్

మన దేశానికి క్రైస్తవం ఐరోపావారితో వచ్చినది కాదు. క్రీ.శ. 52లో అపొస్తలుడైన తోమా మలబారు తీరాన దిగినాడని కేరళ క్రైస్తవుల సంప్రదాయం. వారిలో అనేక కుటుంబాలు క్రిస్మస్‌కు ముందు డిసెంబరు మొదటి తేదీ నుండి మాంసాహారం విడిచి ఉపవాస దీక్ష పాటిస్తాయి. అక్కడ పండుగ కొనడంతో కాదు, విడవడంతో మొదలవుతుంది. గోవాలో ఇంట వండిన మిఠాయిలను పళ్లేలలో అమర్చి, మతభేదం లేకుండా ఇరుగుపొరుగు ఇళ్లకు పంపుతారు. మిజోరంలో ఊరివారందరూ కలిసి వండుకొని, కలవారూ లేనివారూ ఒకే పంక్తిన కూర్చుండి భుజిస్తారు. ఆ విందులో ఏ ఇంటి పేదరికమూ విడిగా కనబడదు.

క్రైస్తవేతరులు కూడా ఈ దినాన్ని తమదిగా భావించిన సందర్భాలు తక్కువేమీ కావు. 1886 డిసెంబరు 24 రాత్రి బెంగాల్‌లోని ఆంట్‌పూర్ గ్రామంలో శ్రీరామకృష్ణుల యువశిష్యులు ధుని చుట్టూ కూర్చుండగా, తరువాతి కాలంలో వివేకానందస్వామిగా ప్రఖ్యాతుడైన నరేంద్రుడు వారికి యేసు త్యాగజీవితాన్ని వివరించినాడు. వారు సన్యసించాలని సంకల్పం చెప్పుకున్నారు. అది క్రిస్మస్ ముందు రాత్రి అని వారికి తరువాతనే తోచినదట. నేటికీ రామకృష్ణ మఠాలలో ఆ సాయంకాలం యేసుకు పూజ జరుగుతుంది. రవీంద్రనాథ్ ఠాకూర్ 1910లో శాంతినికేతనంలో క్రీస్తు ఉత్సవాన్ని ప్రారంభించినాడు.

1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశం నుండి రిక్తహస్తాలతో తిరిగివస్తున్న గాంధీజీ, క్రిస్మస్ నాడు ఓడలో క్రైస్తవ ప్రయాణికుల కోరికపై ప్రసంగించినాడు. వ్యక్తి జీవితంలోనే గాక సమష్టి జీవితంలో కూడా నిజమైన శాంతి నెలకొన్ననాడే క్రీస్తు జన్మించినాడని చెప్పగలమనీ, అప్పుడు ఆ జన్మకు ఏడాదిలో ఒక దినమంటూ ఉండదనీ ఆయన భావం. మూడు దినాల పిమ్మట ఆయన బొంబాయిలో దిగినాడు; వారం తిరిగే లోపల కారాగారం చేరినాడు.

తెలుగు నేలపై ఈ భావానికి రాతిరూపం మెదక్‌లో ఉన్నది. అక్కడి మహాదేవాలయం ప్రతిష్ఠ జరిగినది 1924 డిసెంబరు 25న. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కరవు రోజులలో, పస్తులున్న చుట్టుపట్ల గ్రామాల ప్రజలకు పనీ, అన్నమూ కల్పించడానికి చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ ఈ నిర్మాణాన్ని సాగించినాడని అక్కడివారు చెప్పుకుంటారు. క్రిస్మస్ నాడు ఆ ప్రాంగణంలోకి క్రైస్తవులేగాక హిందువులు, ముస్లిములు కూడా వేలాదిగా వస్తారు. ఆ ఆలయపు ఎత్తును కొలిచి అబ్బురపడేవారు, దాని రాళ్లు మోసిన కూలీలకు ఆనాడు దొరికిన ముద్దను కూడా తలచుకోవలసి ఉన్నది.

అందువల్ల క్రిస్మస్ నాడు కానుకలు ఇవ్వరాదని కాదు. అవి ఎటు ప్రయాణం చేస్తున్నవో చూసుకోవాలని. పళ్లెం నిండా ఉన్న ఇంటినుండి నిండుగా ఉన్న మరొక ఇంటికే అవి తిరుగుతున్నంతకాలం అది మర్యాద మాత్రమే. వసతిగృహంలో పండుగకు ఇంటికి వెళ్లలేక మిగిలిపోయిన సహవిద్యార్థి వద్దకు, ఆసుపత్రి మంచం మీది రోగి వద్దకు, పని కోసం పరాయి రాష్ట్రం నుండి వచ్చి భాష తెలియక బిక్కుబిక్కుమంటున్న కుటుంబం వద్దకు అవి చేరిననాడు పండుగ తన మూలాన్ని తాకుతుంది. ఇందుకు పెద్ద ధనం అక్కరలేదు. పంక్తిలో మరొక విస్తరి వేస్తే చాలును.

బెత్లెహేములోని ఆ సత్రం యజమాని పేరు సువార్తలలో లేదు. అతడు దుష్టుడని కూడా ఎక్కడా చెప్పలేదు. ఆ రాత్రి సత్రం నిండిపోయినది, అంతే. వస్తువులతో నిండిన ఇంటిలోనూ చోటు మిగలదు.